అక్కడా తాతలేనా!

సామ్రాజ్యం ఎలా పోతుందో యానాం వాళ్లకు ఎవరో వచ్చి చెప్పాల్సిన పని లేదు. మా ఊళ్లో ఒకటి పోయింది. రెండు వందల ఏళ్ల పైచిలుకు ఫ్రెంచి వాళ్ల చేతిలో ఉన్న ఊరు ఇది. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య గారి నాయకత్వంలో ఆ జెండా దిగింది. నవంబరు 1న పాలన చేతులు మారింది. 1956లో ఒప్పందం రాసుకున్నారు. అది ఫ్రెంచి పార్లమెంటు గడప దాటి, చట్టప్రకారం చెల్లుబాటయ్యేసరికి 1962 ఆగస్టు 16 వచ్చింది. అంత కాగితం ఖర్చుపెట్టి సాగనంపాం కాబట్టే, పోయిన సామ్రాజ్యం పోయినట్టే ఉంది. ఆ తర్వాత ఏనాడూ ఏ ఫ్రెంచి దొరా గౌతమి గట్టు మీదికొచ్చి, "నేను చావలేదర్రా" అని పళ్లికిలించలేదు.

ఇంత శాస్త్రోక్తంగా సామ్రాజ్యాన్ని వదిలించుకున్న ఊరి గృహస్థుణ్ణి నేను. నా ఫిర్యాదు 'స్టార్ వార్స్' తొమ్మిదో సినిమా మీద. ఇదే ఆఖరిదని ఒట్టేసి 2019 డిసెంబరు 20న మన దేశంలో వదిలిన 'ది రైజ్ ఆఫ్ స్కైవాకర్' మీద. "ఇన్నేళ్లయిందిగా, ఇంకా ఎందుకండీ ఆ గోల" అంటుంది మా ఇంటావిడ. గట్టు తగాదాలు మూడు తరాలు నడిచే గోదావరి జిల్లా ఆడపడుచు అనాల్సిన మాట కాదది.

నీకెందుకయ్యా అమెరికా వాళ్ల గొడవ అనేవాళ్లకు ముందు జవాబు చెప్పాలి. మా ఊరు మొత్తం 30 చదరపు కిలోమీటర్లు. చుట్టూ ఆంధ్ర. రాజధాని పుదుచ్చేరి మాత్రం 800 కిలోమీటర్ల పైన, పరాయి రాష్ట్రాలు దాటుకుని వెళ్తే వస్తుంది. వంతెన దాటగానే తగిలే ఎదుర్లంక వాడిది వేరే ప్రభుత్వం. ఎక్కడో రాజధాని, ఇంకెక్కడో మారుమూల గ్రహం, వాటి మధ్య పేచీలు అనే కథ మాకు అర్థమైనట్టు హాలీవుడ్‌లో వాళ్లకైనా అర్థమైందో లేదో. 1999లో వచ్చిన 'స్టార్ వార్స్' సినిమాలో యుద్ధమంతా వర్తక మార్గాల మీద పన్నుల తగాదాతో మొదలైతే లోకం ఆవలించింది. నేను కుర్చీలో ముందుకు జరిగాను. పన్నుల తేడా ఉన్నచోట పెట్రోలు బంకు ముందూ, మరో రకం కొట్టు ముందూ ఏయే ఊళ్ల నంబరు ప్లేట్లు వరస కడతాయో చూస్తూ పెరిగినవాణ్ణి. శారదా చట్టం బ్రిటిషు ఇండియాలో అమల్లోకొచ్చిన రోజుల్లో పసిపిల్లల పెళ్లిళ్లు చేయడానికి బళ్లు కట్టుకుని మా ఊరికే వచ్చేవారట. సరిహద్దు సందుల్లోంచి సరుకు దాటించి బతికే హాన్ సోలో మాకేమన్నా వింతా?

ఇక పాత పరిచయం సంగతి. మొదటి మూడూ 1977, 1980, 1983లో వచ్చాయి. నేను చూసింది మాత్రం తర్వాతెప్పుడో, అద్దెకు తెచ్చిన వీసీపీ మీద, అరిగిపోయిన కేసెట్లో. తెర మీద గీతలు కిందనుంచి పైకి పాకుతుంటే నల్ల ముసుగాయన వచ్చి గురగురమని ఊపిరి తీశాడు. అది ఆయనకున్న ఉబ్బసమో, కేసెట్టుకున్న జబ్బో చాన్నాళ్లు తేల్చుకోలేకపోయాను. మాట ఒక్కటీ తెలిస్తే ఒట్టు. తెలియక ఆగిందీ లేదు. రాకుమారి లేయా, ముసలి గురువు, తండ్రెవరో తెలియని కుర్రాడు ల్యూక్, వాగుడుకాయ మరమనిషి, బొచ్చు నేస్తం చ్యూబాకా. కత్తికి కరెంటు పెట్టారు, గుర్రానికి ఇంజను బిగించారు. కాంతారావు గారి సినిమాలు చూసి పెరిగినవాడికి సబ్‌టైటిళ్లు దేనికండీ?

జానపదం కాబట్టే జానపద ధర్మం ప్రకారం అడుగుతున్నాను. మన కథల్లో మాంత్రికుడు ఓ పట్టాన చావడు, నిజమే. కానీ ఎందుకు చావడో ముందే చెప్తారు. బాలనాగమ్మ కథలో మాయల మరాఠీ ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉందని పిల్లాడికి కూడా తెలుసు. చిలక మెడ విరిస్తే మరాఠీ మెడ వాలుతుంది. అంతటితో సరి, మళ్లీ లేవడు. ఈ సినిమాల్లో మాంత్రికుడైన పాల్పటీన్ చక్రవర్తిని 1983లో సొంత శిష్యుడు, ఆ నల్ల ముసుగు డార్త్ వేడరే ఎత్తి అగాధంలోకి విసిరేశాడు. విసిరిన కోట డెత్ స్టార్ కూడా పేలి ముక్కలైంది. మేం దణ్ణం పెట్టుకుని ఇళ్లకొచ్చాం. 2019లో తెర లేవగానే, అక్షరాలు ఇంకా ఆకాశంలోకి పాకుతుండగానే, చనిపోయినాయన గొంతు విశ్వమంతా వినిపించిందని చెప్పేశారు! ఏ చిలకలో దాచుకున్నాడయ్యా ప్రాణం అంటే, ఒక పైలట్ కుర్రాడు, ఎలాగోలా వచ్చేశాడని మొహం వేలాడేశాడు. పక్కనున్నాయన క్లోనింగు, చీకటి విద్య అని ఏదో గొణిగాడు. అంతటితో సరి. తర్వాత కార్యక్రమం.

కాకినాడ హాల్లో మా ఇంటావిడ నా చెవి దగ్గరికొచ్చి, "ఏవండీ, ఆ ముసలాణ్ణి బావిలో పడేశారని కదా మీరు చెప్పింది?" అంది.

"పడేశారే."

"మరి?"

"వచ్చాడు."

"ఆయ్, వచ్చాడండీ. చూస్తున్నాను. ఎలా వచ్చాడని."

పాతికేళ్ల కాపురంలో ఆవిడ వేసిన ప్రశ్నలకు ఏదో ఒకటి చెప్పి నెగ్గుకొచ్చినవాణ్ణి, ఆ రోజు పాప్‌కార్న్ నములుతూ కూర్చున్నాను. ఇంటికొచ్చాక తెలిసిన సంగతి ఇంకా ఘోరం. ఆ చక్రవర్తి బెదిరింపు ప్రసంగం ఉందే, విశ్వమంతా విన్నది, అది సినిమాలో లేదు. సినిమాకు కొద్దిరోజుల ముందు 'ఫోర్ట్‌నైట్' అనే వీడియో గేములో వినిపించారు. "మీరు ఆడి ఉంటే వినేవారు నాన్నగారూ" అన్నాడు మా వాడు, తప్పంతా నాదే అయినట్టు. నలభై ఏళ్ల కథకు ముడి వేసిన మాట పిల్లల తుపాకుల ఆటలో దొరుకుతుందిట! మోటారు కాలిపోతే మనిషిని పిలవడం, గ్యాసు బుక్ చేయడం, కరెంటు బిల్లు కట్టడం లాంటి పనులున్న గృహస్థు ఆ తుపాకులు ఎప్పుడు పట్టుకోవాలి?

అసలు వ్యవహారం ఇక్కడికి ఎందుకొచ్చిందో చెప్పాలి. డిస్నీ వారు 2012లో 405 కోట్ల డాలర్లు పోసి లూకస్‌ఫిల్మ్‌ను కొన్నారు. మూడు సినిమాలు తలపెట్టారు. 2015లో మొదటిది జె.జె. ఏబ్రమ్స్ తీశాడు, 2017లో రెండోది రియాన్ జాన్సన్. మూడోదానికి కోలిన్ ట్రెవరోను అనుకున్నారు, 2017 సెప్టెంబరులో ఆయన బయటికి నడిచాడు, మళ్లీ ఏబ్రమ్స్‌నే పిలిచారు. ముగ్గురి దగ్గరా కలిపి ఒక కథ కాగితం లేదు. కథ కుదరకుండా ముహూర్తం పెట్టి కొబ్బరికాయ కొట్టేయడం మన ఫిల్మ్ నగర్ సొత్తని ఇన్నాళ్లూ గర్వపడేవాణ్ణి. ఆ గర్వమూ పోయింది.

రెండో సినిమా చూసి అభిమానుల్లో సగం మంది అలిగారు. అలగడమంటే అలాంటిలాంటిది కాదు. మన పెళ్లిళ్లలో అలకపాన్పు ఎక్కిన పెళ్లికొడుకును చూశారుగా. మావగారు వచ్చి గడియారం ఇస్తానంటాడు, గోడకేసి తిరుగుతాడు. స్కూటరంటాడు, ఒక కన్ను తెరుస్తాడు. ఆ గదిలోకి డిస్నీ వారు పళ్లెం పట్టుకుని వచ్చిన సినిమా ఇది. పాత విలన్ కావాలా నాయనా, ఇదిగో. పాత నేస్తం లాండో కావాలా, అతగాణ్ణీ పట్టుకొచ్చాం. ఇప్పుడు గురువైన ల్యూక్ కత్తిని నిర్లక్ష్యంగా వెనక్కి విసిరేశాడని కోపమా, ఇదిగో, ఈసారి గాల్లోనే పట్టుకుని ఆయుధాన్ని గౌరవించాలని బుద్ధి చెప్తాడు. రోజ్ అనే పిల్ల నచ్చలేదా, ఆ పిల్లకు నాలుగు మాటలు మించి ఇవ్వం, సరేనా? అలిగినవాళ్లందరూ పెళ్లికొడుకులు కారన్నది ఇక్కడ చెప్పాల్సిన మాటే. ఆ పాత్ర వేసిన కెల్లీ మేరీ ట్రాన్ 2018లో ఇన్‌స్టాగ్రామ్‌లోంచి తప్పుకునేదాకా కొందరు వెంటపడి తిట్టారు. అలాంటి వాళ్లను పాన్పు మీంచి చెవి పట్టుకుని దింపాల్సింది పోయి స్కూటరు తాళాలు చేతికిచ్చారు.

ఆ పళ్లెంలో ఉన్నవాటిలో నా గుండె మీద గుద్దినది తాతగారు.

రే అనే ఆడపిల్ల ఉంది కదా, ఎడారిలో తుక్కు ఏరుకుని బతికింది. ఎవరి కూతురా అని మొదటి సినిమా అంతా ఊరించారు. రెండో సినిమాలో తేల్చేశారు. ఎవరి కూతురూ కాదు, తాగుడికి డబ్బుల్లేక పిల్లను అమ్ముకున్న తుక్కు వ్యాపారుల బిడ్డ అని. నేను ఆ మాటకు హాల్లో ఒక్కణ్ణే చప్పట్లు కొట్టాను. చివర్లో గుర్రాలశాలలో పనిచేసే ఓ పేరులేని కుర్రాడు చేయి చాపితే చీపురు దానంతటదే వచ్చి చేతిలో వాలుతుంది. మా ఇంట్లో చీపురు ఎవరు పిలిచినా రాదు, ఎవరూ పిలవరు కూడా, అది వేరే గొడవ. కానీ ఆ చీపురు చూసి నాకెంత హాయనిపించిందో చెప్పలేను. ఎందుకంటే నేను తెలుగు ప్రేక్షకుణ్ణి. మా హీరో తెర మీదికి రాకముందే తాత ఫొటోకు దండ వేస్తారు. తొడ కొడితే తాతగారిని తలుచుకోవాలి, మీసం తిప్పితే పెదనాన్నను తలుచుకోవాలి. టైటిళ్లలో హీరో పేరుకు ముందు వంశవృక్షం కొమ్మలన్నీ వేలాడతాయి. దాన్ని తిట్టడం లేదు, సుమండీ. 'మనం' సినిమాకు నేనూ కళ్లు తుడుచుకున్నాను. నాగేశ్వరరావు గారు 2014 జనవరి 22న పోతే, మే 23న ఆ సినిమా వచ్చింది. మూడు తరాలు ఒకే తెర మీద. అక్కడ తాతా మనవళ్ల సంగతి పోస్టరు మీదే చెప్పి టికెట్టు అమ్మారు, మోసం లేదు. నేను అడిగిందల్లా ఒక్కటే. ఇక్కడెలాగూ తప్పదు, అంత దూరాన ఉన్న గెలాక్సీలోనైనా తాత లేని హీరో ఒక్కరుంటే చూసి పోతానని. ఉందన్నారు. రెండేళ్లు అలా నమ్మించారు. తీరా ఆఖరి సినిమాలో, అమ్మాయీ, నువ్వు ఎవరి పిల్లవూ కాకపోవడమేమిటి, సాక్షాత్తూ పాల్పటీన్ చక్రవర్తి మనవరాలివి అని చల్లగా చెప్పారు. ఇన్నాళ్లూ ఆ పిల్ల రాళ్లు లేపిందీ కత్తి తిప్పిందీ తన కష్టం కాదుట, రక్తంట! పక్కనుంచి మా ఇంటావిడ, "నేను అనుకుంటూనే ఉన్నానండీ, ఆ పిల్ల ఎవరో పెద్దింటి తాలూకే" అని తృప్తిగా వెనక్కి వాలింది.

అక్కడితో వదిలినా బాగుండేది. చివర్లో రే ఎడారిలో ల్యూక్ పెరిగిన పాత ఇంటికి వెళ్లి, ఇసుకలో కత్తులు పూడుస్తుంది. అటుగా పోతున్న ముసలమ్మ ఒకావిడ ఆగి, ఎవరమ్మా నువ్వు అంటుంది. రే, అంటుంది. రే ఏమిటి, అంటుంది ముసలమ్మ. అంటే, పేరుతో సరిపెట్టుకుని ఇంటిపేరు అడగకుండా పోయే ముసలమ్మ ఏ గ్రహం మీదా లేదన్నమాట! ఎవరి తాలూకు, ఏ ఊరు, అమ్మమ్మ గారిది ఎక్కడ అని కూడా అడిగేదే, సినిమా అయిపోతోందని ఊరుకుంది. రే దూరాన నిలబడ్డ ల్యూక్, లేయాల ఆత్మల వైపు చూసి, స్కైవాకర్ అని చెప్తుంది. ఇక్కడే నా కోపానికి కాలు జారింది. ఆ మాట నాకు నచ్చింది. తాత ఇచ్చిన ఇంటిపేరు అక్కర్లేదు, తనను దగ్గరికి తీసినవాళ్ల పేరు పెట్టుకుంటానంది పిల్ల. ఎంత మంచి మాట! దీనికోసమైతే తాత ఉండాల్సిందే కదా అని ఒకసారి అనిపిస్తుంది. తుక్కు ఏరుకునేవాళ్ల బిడ్డే ఆ పేరు పెట్టుకుని ఉంటే ఇంకా మంచి మాట అయ్యేది కదా అని మళ్లీ అనిపిస్తుంది. ఈ రెంటి మధ్యా అటూ ఇటూ దొర్లుతూ నిద్రపట్టని రాత్రుల్లో మా ఇంటావిడ ఫ్యాను తగ్గించమంటుంది.

కత్తి సంగతి కూడా రికార్డులో ఉండాలి. లైట్‌సేబర్ కాదు, ఇనప బాకు. అది పట్టుకుని సముద్రపు గట్టున ఒక ఫలానా చోట నిలబడి ఎత్తి చూస్తే, దూరాన నీళ్లలో కూలిపడున్న పాత డెత్ స్టార్ శిథిలం అంచులు బాకు అంచులతో ఇంచు తేడా లేకుండా కలుస్తాయి. దాన్నిబట్టి నిధి ఎక్కడుందో తెలుస్తుంది. ఆ శిథిలం పడి ముప్పై ఏళ్లు. దాని చుట్టూ తాడిచెట్టును మించిన కెరటాలు. ఒక్క రేకు ఊడలేదు, ఒక్క గోడ ఒరగలేదు! ఈ సినిమా రాసినవాళ్లను ఒక్క వరద సీజను యానాంలో ఉంచాలి. ధవళేశ్వరంలో మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశాక గౌతమి ఏం చేస్తుందో చూపించాలి. ఈ ఏడు కొబ్బరితోట ఉన్నచోట పైఏడు సుడిగుండం ఉంటుంది. లంక భూముల రైతు సర్వే రాళ్ల కోసం నీళ్లలో వెతుక్కుంటాడు. ఆ నదితో బతికేవాడు ఎవడూ గట్టున కత్తి పట్టుకుని గుర్తులు పెట్టుకోడు. అన్నట్టు, చక్రవర్తి గారి ఓడలన్నీ ఒక్క టవరు దారి చూపితే తప్ప ఆకాశంలోకి లేవలేవుట. ఎదుర్లంక వంతెన రాకముందు మంచులో పంటు దాటించిన సరంగులు ఈ మాట వింటే ఎంత ఎటకారం చేసేవారో.

చావుల గురించి ఎక్కువ రాయను. చ్యూబాకా ఎక్కిన ఓడ పేలిపోయింది, ఏడ్చాం, కాసేపటికి అతగాడు వేరే ఓడలో ఉన్నాడన్నారు. సీ త్రీ పీవో అనే మరమనిషి, తన జ్ఞాపకాలు చెరిగిపోబోతున్నాయని తెలిసి నేస్తాలందరి మొహాలూ ఆఖరుసారి చూసుకుంటాడు. ఆంథనీ డేనియల్స్ తొమ్మిది సినిమాల్లోనూ ఆ రేకు డబ్బాకు గొంతిచ్చాడు. ఆ చూపుకు నా గొంతు పట్టేసింది. తర్వాత ఆ జ్ఞాపకాలన్నీ రెండో మరమనిషి దగ్గర దాచి ఉన్నాయని తిరిగి ఎక్కించారు. మా కన్నీళ్లు మాత్రం ఎవరూ తిరిగి ఎక్కించలేదు.

ఇంత చెప్పినవాణ్ణి రెండు విషయాల్లో నోరు మూసుకుంటాను. ఒకటి, లేయా. ఆ పాత్ర వేసిన క్యారీ ఫిషర్ 2016 డిసెంబరు 27న పోయారు. 2015 సినిమాలో వాడకుండా మిగిలిన ముక్కలు తెచ్చి ఇందులో అతికారు. అతుకు తెలుస్తూనే ఉంటుంది. ఆవిడ అన్న మాటకు సరిపోయేలా ఎదుటివాళ్లు ప్రశ్న అడుగుతుంటారు. ఆవిడ ఊరికే తల ఊపితే, ఆ తల ఊపుకు తగ్గ కబురు ఎవరో ఒకరు మోసుకొస్తారు. మామూలుగా అయితే గంటసేపు ఎకసెక్కాలాడేవాణ్ణి. కానీ ఆ కుర్ర నటీనటులు ఆ పెద్దావిడ మాట పొల్లుపోకుండా చుట్టూ చేరి కాపాడుతున్నట్టు అనిపించి, నాకు ఎగతాళి రాలేదు.

రెండోది పతకం. 1977 సినిమా చివర్లో రాకుమారి ల్యూక్‌కూ హాన్ సోలోకూ మెడలో పతకాలు వేసింది. వాళ్లతోపాటే పోరాడిన చ్యూబాకాకు వేయలేదు. పక్కన నిలబడి ఒక అరుపు అరిచి ఊరుకున్నాడు. ఈ పక్షపాతం మీద లోకంలో అభిమానులందరూ నలభై ఏళ్లకు పైగా సణుగుతూ వచ్చారు. నేనూ సణిగాను, యానాం తరఫున. ఆఖరి సినిమాలో, గొడవలన్నీ సద్దుమణిగాక, మాజ్ కనాటా అనే పొట్టి ముసలావిడ అతని దగ్గరికెళ్లి చేతిలో పతకం పెట్టింది. హాన్ సోలోది. కథకు అక్కర్లేదు. అలకపాన్పు కానుకల్లో అదీ ఒకటని నాకు తెలుసు. తెలిసీ ఏడ్చాను. బొచ్చంతా తడిసిపోయేలా ఏడ్చేవాణ్ణి, బొచ్చు లేదు కాబట్టి కండువా తడిసింది. తొమ్మిది సినిమాలకూ సంగీతం ఇచ్చిన జాన్ విలియమ్స్ ఆ సమయానికి వయొలిన్లు వదిలితే మనిషన్నవాడు ఏం చేయగలడు? మా ఇంటావిడ హ్యాండ్‌బ్యాగు తెరిచి రుమాలు ఇచ్చి, "ఆ కోతికి ఏం ఇచ్చారని అంత ఏడుపు?" అంది. కోతి కాదని చెప్పే ఓపిక లేకపోయింది.

ఈ ఫిర్యాదు ఎక్కడ దాఖలు చేయాలన్నది ఇప్పటికీ తేలలేదు. సినిమా 100 కోట్ల డాలర్లు దాటి వసూలు చేసింది, కాబట్టి తీసినవాళ్లు వినరు. అలిగినవాళ్లు తమ స్కూటరు రంగు బాలేదని మళ్లీ అలిగారు, కాబట్టి వాళ్లూ వినరు. మా వాడు వాట్సాప్‌లో కూడా చదవడు. మిగిలింది మా ఇంటావిడ. పప్పు పోపు పెడుతూ వింటుంది. మధ్యలో, "ఆ నల్లకోటు అబ్బాయి రేను ముద్దు పెట్టుకోగానే చచ్చిపోవడం మాత్రం బాలేదండీ" అని తన ఫిర్యాదు ఒకటి జత చేస్తుంది. చేర్చుకున్నాను.

ఇంతలో 2023 ఏప్రిల్‌లో లండన్‌లో పెద్ద సభ పెట్టి, రే మళ్లీ వస్తుందని, ఆ పాత్ర వేసిన డైసీ రిడ్లీనే వేదిక మీద నిలబెట్టి ప్రకటించారు. ఆ వార్త ఆవిడకు చదివి వినిపించాను.

"ఆఖరిది అన్నారుగా?"

"అన్నారు."

"మీరు వెళ్తారుగా?"

పేపరు మడతపెట్టి, మోటారు వేసే టైమైందని లేచాను. వెనకనుంచి ఆవిడే చెప్పుకుపోయింది. ఈసారి సాయంత్రం ఆటకు వెళ్దామంది, పొద్దున ఆటకైతే కాకినాడ బజారు తెరవరుట. వచ్చేటప్పుడు కాజాలు కిలో తీసుకోవాలంది. ఇంటర్వెల్లో నేను వెనక కథలు చెప్పకూడదుట. కొత్తగా వచ్చే కుర్రాడు ఎవరి మనవడో తనే ముందు చెప్తానని, ఇద్దరు ముగ్గురు తాతల పేర్లు ఇప్పటికే అనుకుని పెట్టుకుంది.